చెయ్యి తాకని గడియ

ఆయనకు రెండు చేతులూ లేవు. కుడిచెయ్యి భుజం కింద జానెడు మిగిలింది, ఎడమది మోచేతి దగ్గర ఆగిపోయింది. జఫర్‌గఢ్ దగ్గరి ఒక లంబాడీ తండా ఆయనది. పొలాలు ఎండిపోతున్నాయని, లైన్‌మన్ కోసం చూసి చూసి విసిగిపోయామని ఊరివాళ్లు బతిమాలితే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కి ఫ్యూజు వేయబోయాడు. లైను బంద్ అయిందని కింద నుంచి ఎవరో అరిచి చెప్పారు. కాలేదు. వరంగల్ దవాఖానలో రెండు నెలలుండి, చేతులు లేకుండా ఇంటికొచ్చాడు.

నేను ఆయన్ని చూసేనాటికి ఇదంతా జరిగి ఆరేళ్లు. జనగామలో నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన ఆఫీసులో ఆయన అటెండరు. మెడలో గుడ్డసంచి వేసుకుని కాగితాలు ఒక గది నుంచి ఇంకో గదికి మోసేవాడు. సంచిలో కాగితం మనమే పెట్టాలి, మనమే తీసుకోవాలి. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని.

ఆఫీసు వెనక, రోడ్డు వైపు ప్రహరీకి ఆనించి, వికలాంగుల కోసం కట్టిన మరుగుదొడ్డి ఒకటుండేది. పింఛను పనుల మీద వచ్చేవాళ్ల కోసం కట్టారు. మెట్లకు బదులు వాలుగా పోసిన సిమెంటు దారి, లోపల పట్టుకుని లేవడానికి ఇనుప కడ్డీలు, కాలితో నొక్కితే నీళ్లొచ్చే కుళాయి, అన్నీ ఉన్నాయి. తలుపుకు మాత్రం మామూలు ఇనుప గడియ. అది తుప్పు పట్టి, పది వేళ్లున్న నాకే ఒక పట్టాన కదిలేది కాదు.

రోజూ మధ్యాహ్నం, ఊళ్లోనే వాళ్లు అద్దెకుండే గది నుంచి ఆయన భార్య వచ్చేది. ఆమెను వదినా అని పిలిచేదాన్ని. ఆయనకు అన్నం తినిపించి, ఆయన వెంట ఆఫీసు వెనక్కి నడిచి, ఆయన లోపలికి వెళ్లాక తలుపు దగ్గరికి లాగి, పిడి పట్టుకుని నిలబడేది. ఎవరైనా అటు వస్తే తల దించుకుని "మనిషి ఉన్నడు" అనేది. అంతే, ఇంకో మాట మాట్లాడేది కాదు.

ఎండాకాలం ఒకరోజు ఆయనకు నీళ్ల గ్లాసు అందించబోతే వద్దన్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఏందన్నా, గింత ఎండల నీళ్లు తాగవా?"

"ఇయ్యాల మీ వదినె రాదు చెల్లె" అన్నాడు.

నీళ్లకూ వదిన రాకపోవడానికీ ఏం సంబంధమో నాకు అర్థం కావడానికి సాయంత్రం దాకా పట్టింది.

కొన్నాళ్లకు, ఆమె రాని రోజునే, ఆయనకు ఇక తప్పలేదు. ఒక్కడే వెళ్లాడు. తలుపు భుజంతో దగ్గరికి నెట్టుకున్నాడు. ఆఫీసు పని మీద వచ్చిన ఎవరో ఇద్దరు ఆ తలుపు తోశారు. తోసి, చూసి, మూసేస్తే సరిపోయేది. మూయలేదు. ఒకడు ఇంకొకణ్ణి దగ్గరికి పిలిచి చూపించాడు. కిటికీ పక్కన కూర్చున్న నాకు వాళ్ల నవ్వు వినిపించింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, నా పనిలో నేనున్నాను.

ఆ సాయంత్రం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, నువ్వు ఎలక్ట్రానిక్స్ సదివినవట గద."

"డిప్లొమా అన్నా."

"చెయ్యి పెట్టకుంట వడే గడియ చేయొస్తదా?"

ఆడపిల్ల ఈ చదువేం చేసుకుంటుందని అందరూ అడిగిన చదువు నాది. దాంతో పనికొచ్చే వస్తువు చేయమని అడిగిన మొదటి మనిషి ఆయనే. సరే అన్నాను. కోఠీకి వెళ్లి సెన్సారు కొనుక్కొచ్చాను, పెద్ద హోటళ్లలో చెయ్యి పెట్టగానే నీళ్లొచ్చే కుళాయిల్లో ఉంటుందే, అలాంటిది. పాత కారు తలుపులోంచి తీసిన లాకు మోటారు మెకానిక్ దగ్గర దొరికింది. బచ్చన్నపేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, నాలుగు ఆదివారాలు పట్టి, రెండింటినీ కలిపాను. సెన్సారు ముందుకు భుజమో తలో తెస్తే చాలు, టక్‌మని గడియ పడుతుంది. మళ్లీ తెస్తే టక్‌మని వెనక్కి పోతుంది. తలుపు అడుగున కాలివేళ్లతో లాగడానికి వీలుగా ఒక చెక్కముక్క బిగించాను.

బిగించే ముందు ఆయన ఒక్కటే అడిగాడు.

"కరెంటు పోతే ఏమైతది?"

"రెండు తీర్ల చేయొచ్చు అన్నా. అయస్కాంతం పెడితే కరెంటు పోంగనే తలుపు దానంతట అదే తెరుసుకుంటది. గీ మోటారు పెడితే వడ్డ గడియ వడ్డట్టే ఉంటది."

"తెరుసుకునుడు వద్దు."

"లోపల ఇరుక్కుంటే?"

"ఇరుక్కుంటే నేనొక్కన్నే పరేషాన్ అయిత. నన్ను చూసినకాడికి చాలు చెల్లె."

నేను మోటారే పెట్టాను. కరెంటు లేనప్పుడు పనిచేయడానికి మోటార్ సైకిల్ బ్యాటరీ ఒకటి కలిపాను. అదీ అయిపోతే బయటి నుంచి తీయడానికి తలుపులో సన్నటి బెజ్జం చేశాను. అందులో వంచిన సైకిల్ పుల్ల పెట్టి నెడితే గడియ జరుగుతుంది. ఆ పుల్ల గోడకు తగిలిస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

"అందరికి దొరికితే అది గడియెట్ల అయితది? ఒక్కటే ఉంచు. నీ సంచిల పెట్టుకో."

మొదటి రోజు ఆయన లోపలికి వెళ్తుంటే నేనూ వదినా బయట నిలబడ్డాం. టక్‌మంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. వదిన నా వైపు భయంగా చూసింది. ఇంకాసేపటికి మళ్లీ టక్‌మని, తలుపు తీసుకుని ఆయన బయటికొచ్చాడు.

"ఏం జేసినవ్ గింతసేపు?" అంది వదిన.

"ఏం జేయలే. ఊకెనే నిలబడ్డ. తలుపేసుకోని ఒక్కన్ని నిలబడి ఆరేండ్లాయె."

ఆ తర్వాత ఆయన నీళ్లు తాగసాగాడు. సీసాలో పొడుగాటి ప్లాస్టిక్ గొట్టం వేసుకుని, నా బల్ల మీదే పెట్టుకుని, గంటకోసారి వచ్చి తాగేవాడు. వదిన మధ్యాహ్నం రావడం మానేసింది. మధ్యాహ్నం ఆయన ఇంటికొచ్చి వంగి నోటితో తినేట్టు పొద్దున్నే గిన్నెలో అన్నం పెట్టి, ఆటోలో మిగతా ఆడవాళ్లతో కలిసి పత్తి చేన్లలో కూలికి పోయేది. చంకకర్రలతో వచ్చే ఒక కాలేజీ పిల్ల ఆ గడియ చూసి "భలే చేసినవక్కా" అంది. ఆ రోజుల్లో నేను కొంచెం పొగరుగానే నడిచానేమో.

ఆ ఏడు వానాకాలం చివర సమ్మె మొదలైంది. ప్రత్యేక రాష్ట్రం వచ్చేదాకా పనిలోకి పోమని ఆఫీసులు, బళ్లు, బస్సులు అన్నీ ఆగిపోయాయి. మా ఆఫీసు గేటు ముందు టెంటు వేశారు. బస్సులు లేక నేను జనగామలోనే మా చిన్నమ్మ ఇంట్లో ఉండి, పొద్దున్నే టెంటుకు వెళ్లేదాన్ని. ఆయనా వచ్చేవాడు. నినాదాలప్పుడు అందరూ పిడికిళ్లు లేపితే ఆయన ఎడమ మోచెయ్యి లేపేవాడు. ఆఫీసు గదులకు తాళాలు వేసినా వెనక మరుగుదొడ్డి మాత్రం ఆయన కోసం తెరిచే ఉంచారు, మిగతావాళ్లం దగ్గరి ఇళ్లకు పోయేవాళ్లం.

భూపాలపల్లిలో మా అన్న భూగర్భ గనిలో పనిచేసేవాడు. వాళ్లూ సమ్మెలోకి దిగారు. ఫోన్ చేసి "తట్టెడు బొగ్గు గూడ పైకి రానిస్తలేం చెల్లె, ఇగ చూడు" అన్నాడు. నేను ఆ మాట టెంటులో అందరికీ గర్వంగా చెప్పాను. బొగ్గు ఆగేసరికి కరెంటు కోతలు పెరిగాయి. ఒక్కోరోజు పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. మరుగుదొడ్డి గోడలో పెట్టిన చిన్న బ్యాటరీ ఆ కోతలకు నిండటం లేదన్న ఆలోచనే నాకు రాలేదు. వారానికోసారి దాన్ని చూడాల్సింది నేనే. సమ్మె మొదలయ్యాక ఒక్కసారీ చూడలేదు.

ఒకరోజు పొద్దున టెంటులో ఆయన నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"చెల్లె, గడియ జర మెల్లగ వడుతున్నది. బ్యాటరీ చూడరాదు?"

"రేపు చూస్త అన్నా. సమ్మెల ఆఫీసు పని ముట్టొద్దన్నరు గద" అన్నాను నవ్వుతూ.

ఆయన కూడా నవ్వాడు.

ఆ పూటే ఊళ్లో ఆడవాళ్లు బతుకమ్మలతో వచ్చారు. మా ప్రహరీ పక్కన రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడటం మొదలుపెట్టారు. నేనూ కలిశాను. భుజాన నా సంచి అలాగే ఉంది. జనరేటరు మీద నడిచే మైకులో పాట, మా చప్పట్లు, పాట ఆగితే నినాదాలు. ఒక పాట అయిపోయి ఇంకోటి అందుకునే లోపల, చప్పట్లు ఆగిన ఆ కాస్త సందులో, ఎక్కడో ధన్, ధన్ అని చప్పుడు వినిపించింది. బరువుగా, ఒక లెక్కలో వస్తున్న చప్పుడు.

"డప్పు ఎక్కడ కొడుతున్నరు?" అని పక్కామెను అడిగాను. గోలలో వినపడదని గట్టిగా అరిచి అడిగాను.

"ఊరేగింపు వస్తున్నదేమో!"

రోడ్డు చివరిదాకా చూశాను. ఊరేగింపేమీ లేదు. ఇంకోసారి వినిపించింది, ఇందాకటికన్నా గట్టిగా, నాలుగైదు దెబ్బలు వరసగా. ఈలోగా పాట అందుకున్నారు. నేను వంగి చప్పట్లు కొట్టాను.

మధ్యాహ్నం ప్రసంగాలు జరిగాయి. ఆయన కనపడలేదు. ఎండకు ఇంటికి పోయి ఉంటాడని ఎవరో అంటే అందరం అదే అనుకున్నాం. ఆ రోజు కరెంటు రాలేదు. నాలుగింటికి టెంటు ఖాళీ అయింది. నేను చిన్నమ్మ ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకున్నాను.

పొద్దుగూకే ముందు వదిన వచ్చి తలుపు కొట్టింది. పత్తి చేను నుంచి వచ్చినట్టుంది, జుట్టుకు ఇంకా దూది పోగులున్నాయి.

"మీ అన్న ఇంటికి రాలే."

"ఎవ్వలతోనన్న పోయిండేమో వదినా."

"ఎటు పోయినా అన్నం యాళ్లకు వస్తడు గద పిల్లా. పొద్దున పెట్టిన అన్నం పెట్టినట్టే ఉన్నది."

అప్పుడు నాకు ఆ డప్పు గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఆమెకేమీ చెప్పకుండా సంచి తీసుకుని నడిచాను, తర్వాత పరుగెత్తాను. ఆమె నా వెనకే వచ్చింది.

తలుపు మూసి ఉంది. బ్యాటరీ ఉన్నంతసేపు దాని మీద వెలగాల్సిన చిన్న ఎర్రబల్బు ఆరిపోయి ఉంది. వదిన తలుపుకు చెంప ఆనించి వాళ్ల భాషలో పిలిచింది. లోపలి నుంచి ఒక్క తన్ను వినిపించింది, చాలా మెల్లగా.

సంచిలో సైకిల్ పుల్ల ఉంది. బెజ్జంలో పెట్టబోతే రెండుసార్లు పక్కకు జారింది. మూడోసారి గడియ జరిగింది. తలుపు తెరవగానే రేకుల కింద పొద్దంతా ఉడికిన గాలి ముఖానికి కొట్టింది. ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. కుడి మడమ వాచి, పగిలి, తలుపు కింది భాగమంతా రక్తం మరకలు. ట్యాంకు ఎప్పుడో ఖాళీ అయినట్టుంది, కుళాయిలో నీళ్లు లేవు. కొనఊపిరితో ఉన్న బ్యాటరీ గడియ వేయగలిగింది, మళ్లీ తీయలేకపోయింది.

వదిన ఆయన్ని బయటికి తెచ్చి కూర్చోబెట్టి, పక్కింటి నుంచి నీళ్లు తెచ్చి తాగించింది. తాగాక ఆయన నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమెతో వాళ్ల భాషలో ఏదో ఒక మాట అన్నాడు. ఆమె తలెత్తి నన్ను చూసింది. చాలాసేపు చూసింది. మళ్లీ తల దించుకుని ఆయన ముఖం తుడిచింది.

మర్నాడు వాళ్లు అద్దెకుండే గదికి వెళ్లాను. మడమకు కట్టు కట్టి ఉంది.

"తప్పు నాది అన్నా. నువ్వు చెప్పినా బ్యాటరీ చూడలే."

"తప్పు కరెంటుది చెల్లె."

"గోడ అవుతల్నే ఉన్న. నాకు వినపడలే అన్నా."

ఆ అబద్ధం ఎలా నోట్లోంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. విన్నాను, డప్పనుకున్నాను అని చెప్పడానికే వెళ్లాను. నోరు తెరిస్తే ఇది వచ్చింది.

ఆయన కట్టు వైపు చూస్తూ, "ఎట్ల వినపడతది? మైకు మోగుతుండె గద" అన్నాడు. "అరిసి అరిసి గొంతు పోయింది. చప్పట్లు ఆగంగనే తన్నేటోన్ని. గంతల్నే మళ్ల షురువయ్యేది."

వదిన పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుంది.

గడియ పీకేస్తానంటే ఆయనే వద్దన్నాడు. వేరేవాళ్లకు పనికొస్తుంది, మంచి బ్యాటరీ వెయ్యి అన్నాడు. వేశాను. సైకిల్ పుల్లను బయట మేకుకు వేలాడదీశాను. వేరేవాళ్లు వాడుకున్నారు. ఆయన మాత్రం ఆ సిమెంటు దారి మళ్లీ ఎక్కలేదు. సమ్మె అయ్యాక వదిన పత్తి పని మానుకుని మధ్యాహ్నాలు వచ్చేది. రోడ్డవతల ఒక పాడుబడ్డ గోడ చాటుకు ఆయన్ని తీసుకెళ్లి కాపలా నిలబడేది. ఆమె రాని రోజు నా బల్ల మీద సీసా నిండుగానే ఉండిపోయేది. ఏడాది తిరగకముందే ఆయనకు మూత్రంలో మంట, వదలని జ్వరం పట్టుకున్నాయి. ఉద్యోగం వదిలి ఇద్దరూ తండాకు వెళ్లిపోయారు. పోయేటప్పుడు నాకు చెప్పి పోయారు. "మంచిగుండు చెల్లె" అన్నాడు.

రాష్ట్రం వచ్చిన రోజు జనగామ రోడ్ల మీద జనం గంతులేశారు. నేనూ వెళ్లాను, ఏడ్చాను కూడా. కానీ చప్పట్లు ఆగిన ప్రతిసారీ నా చెవి ఎటో పోయేది. ఇప్పటికీ అంతే. మీటింగుల్లో, పెళ్లిళ్లలో, బడి పిల్లల కార్యక్రమాల్లో జనం చప్పట్లు కొట్టి ఆపుతారు చూడండి, ఆ ఆపిన క్షణం నాది కాదు. ఆ క్షణంలో ఎక్కడో ఒక తలుపు వెనక ఎవరో ఉన్నారు. ఒకసారి అలా లేచి, ఒక ఫంక్షన్ హాలు వెనకున్న మరుగుదొడ్ల తలుపులన్నీ తట్టి చూసి వచ్చాను. బతుకమ్మ మళ్లీ ఆడలేదు. పండుగనాడు మా పిల్ల చెయ్యి పట్టి లాగితే నడుం నొప్పని చెబుతాను.

తర్వాత నాకు భూపాలపల్లిలో ఉద్యోగం దొరికింది. అక్కడ మేం మారిన కొత్త భవనంలో వికలాంగుల మరుగుదొడ్డికి తాకనక్కర లేని తలుపు పెట్టారు. బిగించడానికి వచ్చినతను చెయ్యి ఊపి మాకు చూపించాడు. తలుపు నిశ్శబ్దంగా మూసుకుంది, తెరుచుకుంది.

"కరెంటు పోతే?" అని అడిగాను.

"ఆటోమేటిక్‌గ తెరుసుకుంటది మేడం. ఫుల్ సేఫ్."

"లోపలున్న మనిషికి అది ఇష్టమేనా?"

అతను అయోమయంగా చూశాడు. నేనేం కోరుతున్నానో నాకూ తెలియలేదు. తెరుచుకోవడమే సరైనదని ఇప్పుడు నాకు తెలుసు. అది ఆయన వద్దన్న తలుపని కూడా తెలుసు. కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను. ఆ తలుపు దాటి లోపలికి ఇంతవరకు వెళ్లలేదు.

మొన్న ఒక పెళ్లికని మహబూబాబాద్ వెళ్లి, తిరుగు రైలు కోసం స్టేషన్‌లో కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద మూటలతో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నారు, మిర్చి ఏరడానికి ఖమ్మం వైపు పోతున్నవాళ్లు. అందులోంచి ఒకామె లేచి వచ్చి నా ముందు నిలబడింది. జుట్టు సగం నెరిసింది. అయినా గుర్తుపట్టాను.

"వదినా, అన్న ఎట్లున్నడు?"

"పోయి మూడేండ్లాయె. జ్వరమొచ్చి పోయిండు." నా పక్కన కూర్చుంది. "పోయేదాక ఇంట్ల తలుపు వెయ్యనియ్యలే. చలికాలం గూడ తెరిచే పండుకునేటోడు."

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"వదినా, ఆ దినం నాకు వినపడ్డది. డప్పు అనుకున్న. వినపడలేదని మీకు అబద్ధం చెప్పిన."

ఆమె పట్టాల వైపే చూస్తూ అంది.

"ఎరికే. ఆయనకు గూడ ఎరికే. గోడ అవుతల్కెల్లి నీ గొంతు వినపడ్డదట. 'డప్పు ఎక్కడ కొడుతున్నరు' అని అడిగినవట గద. ఇన్నది, ఇగ వస్తదని ఇంకింత గట్టిగ తన్నిండట. మడిమె గప్పుడే పగిలింది."

నేను ఒళ్లోని సంచిని దగ్గరికి లాక్కున్నాను.

"తలుపు తీసినంక నాతోని మా మాటల చెప్పిండు. ఈ పిల్ల ఇన్నది గని గుర్తువట్టలే, నువ్వేం అడగకు అన్నడు. మల్లొచ్చి వినపడలే అని నువ్వంటివి. నాకు నోటిదాక వచ్చింది. ఆయన మొకం చూసి ఊకున్న."

"కోపం రాలేదా వదినా?"

"ఆయనకు రాలే. నాకు ఇప్పటికి ఉన్నది" అంది. గొంతు పెంచలేదు.

వాళ్ల రైలు వచ్చింది. ఆడవాళ్లంతా ఒక్కసారిగా లేచి మూటలు ఎత్తుకుంటున్నారు. ఆమె ముందు ఎక్కి చెయ్యి చాచింది. కింద మిగిలిన ఆమె మూట ఎత్తి అందించాను. బరువుగా ఉంది, లోపల గిన్నెలు తగులుకుని చప్పుడయ్యాయి. మూటను తొక్కిసలాటలో నలగని చోట సర్దుకుని, దాని పక్కనే కూర్చుంది. రైలు కదిలేటప్పుడు ఆమె ఇంకొకామెతో వాళ్ల భాషలో మాట్లాడుతోంది. నా వైపు చూడలేదు.